పాలపండ్ల సాక్ష్యం

'క్షీరదం' అంటే ఏమిటని అడిగితే బడికి వెళ్ళినవాళ్ళెవరైనా చెప్పేస్తారు. క్షీరం ఇచ్చేది, పాలిచ్చేది. గత ఏడాది ఆ మాట నా బల్ల మీదికి కొత్తగా వచ్చింది. భూగర్భశాస్త్రం చదువుకున్న స్నేహితురాలొకామె పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాసింది. ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన శిలాజాల గురించి. తెలుగు ఎలా ఉందో చూసిపెట్టమని రాతప్రతి పంపుతూ, "మీ చెన్నూరు చుట్టుపక్కల సంగతులే, నువ్వు కాకపోతే ఇంకెవరు చూస్తారు" అని రాసింది.

మా చెన్నూరు అది కాదు. మాది కడప జిల్లాలో, పెన్న ఒడ్డున, కడప నుంచి మైదుకూరు వెళ్ళే దారిలో ఉంటుంది. ఆమె చెబుతున్నది గోదావరి ఒడ్డు చెన్నూరు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి మంచిర్యాల జిల్లా. రెండు ఊళ్ళకూ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. అలాగని మా వైపు రాళ్ళలో ఏమీ లేదనీ కాదు. పులివెందుల, వేంపల్లె వైపు సున్నపురాళ్ళలో ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా కనిపించే స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. కంటికి కనపడని సూక్ష్మజీవులు నిస్సారమైన సముద్రపు అడుగున చాపల్లాగా పరుచుకుని, ఒకదాని మీద ఒకటి పేరుకున్న గుర్తులవి. వాటి పై పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిలకే సుమారు 188 కోట్ల ఏళ్ళ వయసు కట్టారు. కిందివి అంతకన్నా పాతవి. అప్పటికి భూమి మీద నోరు లేదు, ఎముక లేదు, పన్ను లేదు. క్షీరదాల కథకు మా రాళ్ళు మరీ ముసలివి.

గోదావరి చెన్నూరుకు ఉత్తరంగా, ప్రాణహిత వెంబడి వేమనపల్లి వైపు ఉన్న రాళ్ళు వేరు. నదికి అవతల మహారాష్ట్రలో ఉన్న కోట అనే ఊరి పేరుతో వాటిని కోట ఫార్మేషన్ అంటారు. జురాసిక్ యుగపు తొలి, మధ్య భాగాలవని ఎక్కువమంది అంచనా. అంటే 16 కోట్ల ఏళ్ళకు పైమాటే. యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్ళు 1970లలో తవ్వి తీసిన పెద్ద డైనోసార్‌కు పి. యాదగిరి 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టింది దాన్నే. బడిపిల్లలు దాని కింద నిలబడి ఫోటోలు దిగుతారు.

అవే రాళ్ళలో ఇంకొన్ని ప్రాణుల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. వాటిని నిలబెట్టి చూపించడానికి ఏమీ లేదు. మిల్లీమీటరో, రెండు మిల్లీమీటర్లో ఉండే పళ్ళు, అవి కూడా చాలావరకు విడిపళ్ళు. 1981లో పి.ఎం. దత్తా ఒకదానికి కోటథీరియం అని పేరు పెట్టి, భారతదేశంలో దొరికిన మొదటి జురాసిక్ క్షీరదం అని ప్రకటించారు. తర్వాత యాదగిరి పేరు పెట్టిన ఇండోథీరియం, త్రిశూలోథీరియం, నాకునోడాన్ వచ్చాయి. 2001లో ఇండోజోస్ట్రోడాన్, 2007లో గోండ్‌థీరియం, 2002లో పైకాసిగూడోడాన్. ఈ చివరి పేరు పైకాసిగూడెం అనే ఊరిది. అక్కడివాళ్ళలో ఎంతమందికి తెలుసో గాని, ప్రపంచంలో ఎక్కడ జురాసిక్ క్షీరదాల జాబితా వేసినా అందులో ఆ గూడెం పేరు ఉంటుంది.

ఆ పళ్ళను సంపాదించే పద్ధతి చదువుతుంటే నాకు పాత పరిచయంలాగే అనిపించింది. బంకమట్టిని మూటలకొద్దీ తెస్తారు. ఎండబెట్టి, నీళ్ళలో నానబెట్టి, సన్న జల్లెళ్ళలో కడుగుతారు. జల్లెట్లో మిగిలిన నలుసును ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పోసుకుని ఒక్కొక్క గింజా ఏరతారు. టన్ను మట్టి కడిగితే నాలుగు పళ్ళు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరిన ఏ ఆడమనిషికీ ఈ పని గురించి వివరించి చెప్పనక్కర్లేదు. అయితే ఆ పనికి మన ఇళ్ళలో పేరు లేదు, అక్కడ దానికి శాస్త్రం అని పేరు.

రాతప్రతిలో ఈ అధ్యాయానికి 'మన తొలి క్షీరదాలు' అని పేరుంది. రెండో పేజీలోనే ఒక వాక్యం: "వీటిలో కొన్ని నిజమైన క్షీరదాలు కావు, క్షీరదాలకు దగ్గరి బంధువులు మాత్రమే." తెలుగు సరిచూడమంటే అచ్చుతప్పులు దిద్దితే సరిపోయేది. నేను ఆ 'నిజమైన' దగ్గర, ఆ 'మాత్రమే' దగ్గర ఆగిపోయాను. నా పరిశోధన తెలుగు కథానిక చరిత్ర మీద. 'ఇది నిజమైన కథ కాదు', 'కథకు దగ్గరగా వచ్చిన రచన మాత్రమే' లాంటి వాక్యాలు చదువుతూ ఆరేళ్ళు గడిపిన దాన్ని. అలాంటి వాక్యం కనపడితే, గీత ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని అడగకుండా ఉండలేను.

ముందు మాట సంగతి చూద్దాం. ఈ జంతువులన్నిటినీ అరిస్టాటిల్ కాలం నుంచి నాలుగుకాళ్ళవి అనేవారు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ కూడా మొదట అలాగే అన్నాడు. 1758లో వచ్చిన తన పుస్తకం పదో కూర్పులో ఆ పేరు తీసేసి 'మమ్మాలియా' అని పెట్టాడు. అంటే స్తనాలు గలవి. ఈ పేరు చరిత్రను అమెరికా చరిత్రకారిణి లోండా షీబింగర్ 1993లో తవ్వి తీసింది. ఒళ్ళంతా వెంట్రుకలుండటం, చెవిలో మూడు చిన్న ఎముకలుండటం లాంటి లక్షణాలు ఆడా మగా అందరికీ ఉండేవే. వాటిలో ఏదైనా పేరుకు పనికొచ్చేది. మరి సగంమందిలో, అదీ జీవితంలో కొంతకాలమే పనిచేసే అవయవాన్ని ఎందుకు ఎంచుకున్నట్టు? లినేయస్ 1752లో దాదుల చేత పాలిప్పించడాన్ని ఖండిస్తూ ఒక గ్రంథం వెలువరించాడు. తల్లులే పాలివ్వాలి, స్త్రీ స్థానం ఇల్లు అనే ప్రచారం ఐరోపాలో జోరుగా సాగుతున్న రోజులవి. అదే పదో కూర్పులో మనిషికి పెట్టిన పేరు 'హోమో సేపియన్స్', వివేకవంతుడు. మనిషిని జంతువులతో కలపడానికి ఆడదాని రొమ్ము, జంతువుల నుంచి విడదీయడానికి మగవాడి బుద్ధి అని షీబింగర్ చెప్పింది ఇందుకే.

మన భాషలు ఈ పేరును ఎలా తెచ్చుకున్నాయో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. హిందీలో స్తనధారి, కన్నడంలో, మలయాళంలో సస్తని. అంటే స్తనాలు గలది. తమిళంలో పాలూట్టి, పాలు పట్టేది. తెలుగులో క్షీరదం, పాలిచ్చేది. మన భాషకు అవయవం చాల్లేదు, పని కూడా కావలసి వచ్చింది. బెంగాలీ వేరే దారి పట్టింది. వాళ్ళ మాట స్తన్యపాయి, పాలు తాగేది. ఆ భాషలో పేరు ఇచ్చేవాళ్ళ మీద కాక తాగినవాళ్ళ మీద ఉంది. తాగడంలో ఆడా మగా తేడా లేదు. తెలుగులో మాత్రం మగవాళ్ళు పేరుకు తగ్గ పని చెయ్యని క్షీరదాలు. అది వాళ్ళనెప్పుడూ బాధించినట్టు లేదు, ఎందుకంటే ఆ మాటతో వాళ్ళనెవరూ కొలవరు. పాలివ్వని, ఇవ్వలేని స్త్రీల సంగతి వేరు.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. మా నాయనకు అక్క. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు, పిల్లలు కలగలేదని ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటే, ట్రంకుపెట్టెతో చెన్నూరుకు తిరిగొచ్చేసింది. నేను పుట్టినప్పుడు మా అమ్మకు జబ్బుచేసి నెలల తరబడి మంచంలో ఉంది. అత్తే నన్ను పెంచింది. ఆవుపాలలో నీళ్ళు కలిపి, కాచి, వడగట్టి, ఉగ్గుగిన్నెతో పట్టేదట. రాత్రిపూట మూడుసార్లు లేచేదట. ఊళ్ళో బారసాలకు, సీమంతానికి ఆమెను పిలిచేవాళ్ళు కాదు. పిలిచినా వెనక వరసలో కూర్చునేది. గొడ్రాలు అనే మాట ఎదురుగా అనేవాళ్ళు కొందరు, వెళ్ళిపోయాక అనేవాళ్ళు ఎక్కువమంది. పశువుకూ మనిషికీ ఒకే మాట వాడే చోట్లు మన భాషలో కొన్నే ఉన్నాయి. గొడ్డు అనేది అందులో ఒకటి. అక్కడ మాత్రం లినేయస్‌తో పనిలేకుండానే మనవాళ్ళు ఆడమనిషిని జంతువుల వరసలో నిలబెట్టేశారు.

శిలాజాల దగ్గరికొస్తే, పాలు రాయిగా మారవు. స్తనాలూ మారవు. ఏ జంతువులకు పాలను బట్టి పేరు పెట్టారో, ఆ జంతువుల పూర్వీకుల్ని గుర్తుపట్టడానికి పాలు ఉపయోగపడవు. అందుకే శిలాజ శాస్త్రజ్ఞులు దవడను పట్టుకున్నారు. పాము, బల్లి లాంటి వాటి కింది దవడలో చాలా ఎముకలుంటాయి. కింది దవడ వెనకనున్న ఒక ఎముక పుర్రెకున్న ఇంకో ఎముకతో కీలు కలుస్తుంది. మనకు కింది దవడ ఒకటే ఎముక, కీలు వేరేచోట ఉంటుంది. పాత కీలులోని ఆ రెండు ఎముకలూ ఏమయ్యాయి? చిన్నవై, దవడను వదిలి, చెవిలోకి చేరాయి. పిండం ఎదిగే తీరు చూసి జర్మన్ శాస్త్రవేత్త రైకర్ట్ 1837లోనే ఈ సంగతి కనిపెట్టాడు. మన పూర్వీకులు నమలడానికి వాడిన ఎముకలతో మనం వింటున్నాం.

ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో దొరికిన మోర్గనుకోడాన్ అనే ఎలుకంత ప్రాణికి దవడకు రెండు కీళ్ళూ ఉన్నాయి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే. వాల్టర్ క్యూనె 1949లో దానికి పేరు పెట్టాడు. తర్వాత దాని దవడను, పుర్రెను ఏళ్ళ తరబడి ఎముక ఎముకగా వర్ణించిన వాళ్ళలో ఫ్రాన్సిస్ ముసెట్ అనే ఆమె ఉంది. కోట రాళ్ళలో దొరికిన ఇండోజోస్ట్రోడాన్ ఈ మోర్గనుకోడాన్‌కు దగ్గరి చుట్టమే. కొత్త కీలు ఉంటే చాలు క్షీరదమే అనుకుంటే ఇవన్నీ క్షీరదాలే. చాలాకాలం అలాగే అనుకున్నారు.

1988లో టిమొతి రో అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ గీతను మార్చాడు. లక్షణాన్ని బట్టి కాదు, వంశాన్ని బట్టి చెప్పాలన్నాడు. ఇప్పుడు బతికి ఉన్న క్షీరదాలన్నిటికీ, గుడ్లు పెట్టే ప్లాటిపస్ నుంచి కంగారూ, ఏనుగు, మన దాకా, అందరికీ చివరి ఉమ్మడి పూర్వీకురాలు ఎవరో ఆమే మొదలు. ఆమె, ఆమె సంతతి మాత్రమే క్షీరదాలు. దీన్ని క్రౌన్ గ్రూపు అంటారు. క్రౌన్ అంటే కిరీటం కాదు, చెట్టు తలన ఉండే గుబురు. ఆ గుబురుకు కిందుగా, కాండం మీంచి పక్కలకు చీలి ఎండిపోయిన కొమ్మలు స్టెమ్ గ్రూపు. మోర్గనుకోడాన్ అక్కడ పడింది. ఆ పక్క కొమ్మల్నీ గుబురునూ కలిపి చెప్పడానికి 'మమ్మాలియాఫార్మిస్' అనే కొత్త పేరు వచ్చింది. క్షీరద రూపులు అనుకోవచ్చు. మా స్నేహితురాలి 'దగ్గరి బంధువులు' వీళ్ళే.

ఈ గీతను అందరూ ఒప్పుకోలేదు. 2004లో వచ్చిన 'డైనోసార్ల కాలపు క్షీరదాలు' అనే పెద్ద ఆకరగ్రంథం మోర్గనుకోడాన్‌ను క్షీరదాల్లోనే ఉంచింది. ఆ పుస్తకం మొదటి రచయిత్రి జోఫియా కియెలాన్ యావొరోవ్‌స్కా. పోలండ్ దేశస్థురాలు. 1960లలో గోబీ ఎడారికి వెళ్ళిన పోలండ్, మంగోలియా యాత్రలకు నాయకత్వం వహించింది. అరచేతిలో పట్టే ఆ పుర్రెల మీద జీవితమంతా పనిచేసి 2015లో, 89 ఏళ్ళ వయసులో చనిపోయింది. మన కోట రాళ్ళలో దొరికిన ఒక పంటికి 2013లో వరుణ్ పర్మార్, జి.వి.ఆర్. ప్రసాద్, దీపక్ కుమార్ ఆమె పేరే పెట్టారు, ఇండోబాటర్ జోఫియే అని. ఆదిలాబాద్ మట్టిలో ఒక పోలిష్ స్త్రీ పేరు.

ఇప్పుడు ఇండోబాటర్ చాలామంది లెక్కలో గుబురు లోపలిది. ఇండోజోస్ట్రోడాన్ గుబురు బయటిది. రెండూ అదే లోయ రాళ్ళలో దొరికాయి. వాటికి ఈ తేడా తెలియదు. రాళ్ళలో ఆ గీత లేదు. అది 1758లోనో 1988లోనో కాగితం మీద పడింది.

నా రంగంలోంచి ఒక్క ఉదాహరణ చెప్తాను. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. అయినా చాలా దశాబ్దాలు మొదటి తెలుగు కథ ఏదంటే రెండోదే చెప్పారు. కారణాలు రెండు రకాలు. వ్యావహారిక భాష, సంభాషణతో మొదలు, క్లుప్తత లాంటివి ఉంటేనే ఆధునిక కథ అన్నారు. ఇది దవడకీలు పద్ధతి. తర్వాత వచ్చిన కథకులంతా గురజాడ దారిలో నడిచారు కాబట్టి వంశం ఆయనతో మొదలు అన్నారు. ఇది గుబురు పద్ధతి. ఏ పద్ధతిలో చూసినా అచ్చమాంబ 'దగ్గరి బంధువు' అయింది. తర్వాతి కాలంలో స్త్రీవాద పరిశోధకులు ఈ గీతను ప్రశ్నించారు కాబట్టి ఇప్పుడు చర్చ మారింది. ఆ కథ మారలేదు, అది 1902 నుంచీ అక్కడే ఉంది.

గీతలు వద్దని నేననడం లేదు. పేర్లు లేకుండా శాస్త్రం నడవదు, సాహిత్య చరిత్ర కూడా నడవదు. రో చెప్పిన దాంట్లో సుగుణం ఉంది. లక్షణాన్ని పట్టుకుంటే, ఏ లక్షణం ముఖ్యం అనేదాన్ని ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. స్తనాలు అనొచ్చు, దవడ అనొచ్చు. వంశాన్ని పట్టుకుంటే, ప్లాటిపస్‌కు చనుమొనలు లేవే, పాలు చర్మం మీంచి చెమటలా ఊరతాయే, ఇది క్షీరదమేనా అన్న సందేహం రాదు. పాలు ఎలా ఇచ్చినా, ఇవ్వకపోయినా, పుట్టినవాళ్ళంతా లోపలే. ఆడవాళ్ళ శరీరాన్ని పనితో కొలవడం మీద పోరాడిన మనకు ఇది ఊరటగా అనిపించాలి.

కాని నేను కడప జిల్లాలో పెరిగిన దాన్ని. పుట్టుకను బట్టి ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చే విద్య మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వంశం అనే మాట వినగానే నాకు వీధుల చివర వీధులు గుర్తొస్తాయి, ఎవరి బిందె ఏ బావి దగ్గర ఉండాలో గుర్తొస్తుంది. శాస్త్రంలో వంశం ఎక్కువ తక్కువల్ని చెప్పదని తెలుసు. అది జరిగిపోయిన దాని గురించిన వాక్యం, జరగబోయే దానికి పెట్టిన షరతు కాదు. అయినా గుబురు నిర్వచనంలో ఒక సంగతి నన్ను వదల్లేదు. ఎవరు లోపల ఉండాలన్నది నిర్ణయించేది చనిపోయినవాళ్ళు కాదు, ఈ రోజు బతికున్న సంతానం. ప్లాటిపస్ వంశం రేపు అంతరిస్తే, ఆ తర్వాత ఇదే నిర్వచనం చెప్పుకునేవాళ్ళు దాన్ని కూడా గుబురు బయట పెట్టవచ్చు. వారసులు లేనివాళ్ళు ఎంత బతికినా కాండం మీది ఎండుకొమ్మే. ఈ తర్కం మా ఊళ్ళో బారసాల వెనక వరసలో నేను చూసిందే.

ఆ ఎండుకొమ్మ ఎంత బతికిందో ఇప్పుడు తెలుస్తోంది. చెట్టు కాండంలో వలయాల్లాగా పంటి వేరు మీద ఏడాదికొక పొర పడుతుంది. బ్రిటన్‌లో దొరికిన పళ్ళను ఎక్స్‌రే కిరణాలతో స్కాన్ చేసి ఆ పొరల్ని లెక్కపెట్టారు. మోర్గనుకోడాన్ 14 ఏళ్ళ దాకా బతికేదని 2020లో చెప్పారు. ఈనాటి ఎలుక అడవిలో ఏడాదో రెండేళ్ళో బతికితే గొప్ప. అంటే ఆ ప్రాణి ఒంటి తీరు బల్లిలాగా నిదానమైనది. దవడలో సగం మనలాంటిది, ఒంటి వేగంలో కాదు. క్షీరదం కావడం అనేది గడప దాటడం లాంటిది కాదు. ఒక్కో లక్షణం ఒక్కో కాలంలో, ఒక్కో వంశంలో వచ్చి చేరింది.

మరి పాలు ఎప్పుడు వచ్చాయి? రాయిలో పాలు దొరకవన్నాను గాని, పాల ఆనవాలు ఒకటి దొరుకుతుంది. అదీ పళ్ళలోనే. బల్లులకు, మొసళ్ళకు బతుకంతా పళ్ళు ఊడుతూ వస్తూనే ఉంటాయి. మనకు రెండుసార్లే. పుట్టగానే పాలు దొరుకుతాయి కాబట్టి బిడ్డకు మొదట్లో పళ్ళు అక్కర్లేదు. దవడ చాలావరకు ఎదిగాక వస్తే చాలు, అప్పుడు ఒక వరస, ఆ తర్వాత ఇంకొక వరసతో బతుకు గడిచిపోతుంది. మోర్గనుకోడాన్ దవడల్లో ఈ రెండు వరసల పద్ధతి కనిపించింది. కాబట్టి ఆ తల్లులు పాలిచ్చి ఉంటారని అంచనా. 2022లో బ్రెజిల్ శిలాజాల మీద పనిచేసినవాళ్ళు 22.5 కోట్ల ఏళ్ళ నాటి బ్రసిలోడాన్‌లో కూడా ఇదే పద్ధతి చూపించి, తొలి క్షీరదం ఇదే అన్నారు. గుబురు లెక్కలో అది ఇంకా బయటిదే. అంటే పాలివ్వడం క్షీరదాల కంటే పాతది. పాలు మొదట ఆకలి తీర్చడానికి కూడా రాలేదని, మెత్తటి పెంకు గుడ్లు ఎండిపోకుండా తల్లి చర్మం మీంచి ఊరిన తడే తర్వాత పాలయిందని ఒలావ్ ఓఫ్టెడల్ అనే శాస్త్రవేత్త వాదిస్తాడు.

ఇంగ్లీషులో కూడా పాలపళ్ళు అనే అంటారు గాని ఈ సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా అత్త గొంతు. మా వైపు పళ్ళను పండ్లనే అంటాం. నాకు ఆరేళ్ళప్పుడు ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసిరించింది ఆమే. ఈ మధ్య చెన్నూరు వెళ్ళినప్పుడు ఆమెకు ఇదంతా చెప్పాను. మట్టి కడిగి పన్ను వెతకడం, ఆ పన్ను చూసి తల్లి పాలిచ్చిందని చెప్పడం. డెబ్బై దాటిన మనిషి, శ్రద్ధగా విని, "పన్ను జూసి పాలు తాగిందని జెప్తారు సరే. ఎవురి పాలు తాగిందో యెట్ల దెలుస్తాది పాపా?" అంది.

తెలియదు. పన్ను చెప్పేది ఒక్కటే, ఎవరో ఆ పిల్లను ఆకలితో వదిలెయ్యలేదని. ఇచ్చిందెవరో ఆ పంటికి తెలియదు.

ఒక్క పంటి మీద ఎంత బరువు పెట్టవచ్చన్నది కూడా చెప్పాలి. మధ్యప్రదేశ్‌లోని టికి రాళ్ళలో దొరికిన ఒకే ఒక పంటిని ఆధారం చేసుకుని 2005లో టికిథీరియం అని పేరు పెట్టారు. ట్రయాసిక్ యుగపు క్షీరద బంధువు అన్నారు. 2024లో ఇద్దరు రష్యన్ శాస్త్రవేత్తలు ఆ పన్ను చాలా తర్వాతి కాలపు చుంచుదని, ఎలాగో పాత రాళ్ళ మట్టిలో కలిసిందని వాదించారు. ఇరవై కోట్ల ఏళ్ళ వయసు ఒక్క వ్యాసంతో పోయింది. ఇది శాస్త్రానికి చిన్నతనం కాదు. గీత గీసినవాళ్ళు తమ ఆధారాన్ని అందరి ముందూ పెట్టారు కాబట్టే ఇంకొకరు దాన్ని చెరపగలిగారు.

మా ఇంట్లో గీసిన గీతకు ఆ వెసులుబాటు లేదు. మా చిన్నాయన రెండేళ్ళు కష్టపడి వంశవృక్షం తయారుచేశాడు. ఏడు తరాలు. రంగుల్లో అచ్చువేయించి, కొడుకు పెళ్ళిలో అందరికీ పంచాడు. చెట్టంతా మగపేర్లే. పెళ్ళాల పేర్లు బ్రాకెట్లలో కొన్నిచోట్ల ఉన్నాయి. కూతుళ్ళు లేరు, నేను లేను, అత్త లేదు. అడిగితే కోపం తెచ్చుకోలేదు. నిజంగానే సమాధానం చెప్పాడు. "ఆడపిల్లలు యింగొక చెట్టులో వస్తారు గదా పాపా. అక్కకు ఆడా లేకపాయె, ఈడా లేకపాయె. కొమ్మే లేనప్పుడు యాడ కలపల్ల?"

నేను కాగితం తీసుకుని శిలాజ శాస్త్రజ్ఞులు గీసే చెట్టు గీసి చూపించాను. వాళ్ళ చెట్టులో చివర ఏమీ లేని కొమ్మలే ఎక్కువ. ఇప్పుడు బతికున్న క్షీరదాలు ఆరువేల పైచిలుకు జాతులు. అంతరించినవి అంతకు ఎన్నో రెట్లు. ఆగిపోయిన ప్రతి గీత చివరా, అది ఆగిన కాలం దగ్గర, పేరు రాస్తారు. ఇండోజోస్ట్రోడాన్‌కు వారసులు ఎవరూ లేరు. దాని పేరు చెరపరు. చెరిపితే పక్క గీతలు ఎక్కడ చీలాయో తెలియదు. గుబురు అనే మాట గుబురులో ఉన్నవాళ్ళు పెట్టుకున్నదే కావచ్చు, కాని ఆ చెట్టు వేసే చెయ్యి ఎండిన కొమ్మను కూడా అంతే శ్రద్ధగా గీస్తుంది. మన వంశవృక్షాలకు ఆ మర్యాద తెలియదు. చిన్నాయన కాగితం తిరగేసి చూసి, "మల్లా అచ్చేసేటప్పుడు జూద్దాం" అన్నాడు. మళ్ళీ అచ్చు వేయిస్తాడని నేననుకోవడం లేదు.

స్నేహితురాలి రాతప్రతిలో చివరికి నేను మార్చినవి మూడు చోట్లు. 'నిజమైన' తీసేశాను. 'మాత్రమే' తీసేశాను. క్షీరదం అనే మాటను ఉంచాను, బళ్ళో పిల్లలకు అదే కావాలి కాబట్టి. పక్కన ఒక వాక్యం కలిపాను: ఈ గుంపులో అందరూ పాలివ్వరు, కాని అందరూ ఎవరో ఒకరు పట్టిన పాలు తాగి పెరిగినవాళ్ళే. 'దగ్గరి బంధువులు' అన్నచోట ఇండోజోస్ట్రోడాన్‌ను కొందరు క్షీరదాల్లో కలుపుతారని, కొందరు కలపరని, ఎందుకో రెండు వాక్యాల్లో రాశాను. పిల్లలకు తికమక అవుతుందేమో అని ఆమె సందేహపడింది. పెద్దవాళ్ళు గీసిన గీత మీద పెద్దవాళ్ళే తగాదా పడుతున్నారని తెలిస్తే పిల్లలకు తికమక కాదు, సరదా అన్నాను. ఒప్పుకుంది.

పుస్తకం మూడో తరగతి వాళ్ళను ఉద్దేశించి రాసింది. అది చదివే వయసుకు వాళ్ళలో చాలామంది నోళ్ళలో ఒకటో రెండో పాలపండ్లు ఇంకా కదులుతూ ఉంటాయి.